కేస్లాపూర్ దర్బార్: మన మాట ఎవరు విన్నారు, ఎవరు రాసుకున్నారు



ఏటా పుష్యమాసం అమావాస్య దగ్గరపడగానే పత్రికల్లో నాగోబా జాతర వార్తలు మొదలవుతాయి. ఫొటోలు మారతాయి కానీ ఒక వాక్యం మాత్రం మారదు. ‘1942లో హైమన్‌డార్ఫ్ ప్రజాదర్బార్ ప్రారంభించారు’ అనేదే ఆ వాక్యం. చదివినవాళ్ళకు ఏమనిపిస్తుంది? అంతకుముందు కేస్లాపూర్‌కు వచ్చిన వేలమంది మౌనంగా పూజ చేసుకుని బండి కట్టి వెళ్ళిపోయేవాళ్ళని, ఎవరో విదేశీయుడు వచ్చి మాట్లాడటం నేర్పాడని అనిపిస్తుంది. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ దానికి ముందు ఒక కథ ఉంది, వెనుక ఒక కథ ఉంది. మన యువతకు ఆ రెండూ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా చిన్న విషయం. ఆ 1942 కూడా అందరూ ఒప్పుకున్న సంవత్సరం కాదు. కొన్నిచోట్ల 1946 అని రాసి ఉంటుంది. నాలుగేళ్ళ తేడా చిన్నదే కదా అనుకోవచ్చు. ఈ ‘చిన్న’ తేడా మన చరిత్రలో ఇంకా చాలాచోట్ల ఎదురవుతుంది, అక్కడ చిన్నది కాదు. మళ్ళీ ఆ సంగతికి వస్తాను.

దర్బార్ కన్నా ముందు

కోయితూర్ గూడెంలో మాట్లాడుకోవడానికి ఎప్పుడూ ఒక జాగా ఉండేది. పట్లా ఇంటి ముందో, చెట్టు కిందో పెద్దలు కూర్చునేవాళ్ళు. పట్లా, దేవారి, మహాజన్, హవల్దార్ అనే పేర్లు మన ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తాయి. భూమి గొడవైనా, పెళ్ళి మాటైనా, పశువు పంటలో పడినా, ఎవరైనా ఆచారం తప్పినా పంచ్‌లోకి వచ్చేది. ఆరోపణ చేసినవాడు అందరి ముందూ చెప్పాలి, పడినవాడు అందరి ముందూ జవాబివ్వాలి. రాత్రి తెల్లవార్లూ సాగినా సరే, అందరూ సరే అనేదాకా లేచేవాళ్ళు కారు. తీర్పు ఒక్కడిది కాదు. దండుగ వేస్తే ఆ డబ్బుతో అందరూ కలిసి భోజనం చేసేవాళ్ళు, దాంతో తప్పు చేసినవాడు మళ్ళీ వరుసలోకి వచ్చేవాడు. ఊరి స్థాయికి పైన పంచాయితీ చేసే పెద్దలు ఉండేవాళ్ళు. ఇప్పుడు మనం రాయ్ సెంటర్ అని, సార్మేడి అని పిలుచుకుంటున్న ఏర్పాటుకు మూలం అదే.

ఇందులో అంతా బంగారమే అని నేననను. ఆడవాళ్ళ మాటకు పంచ్‌లో దక్కిన చోటు తక్కువ. వాళ్ళ మీద వచ్చిన తీర్పులు వాళ్ళు లేకుండానే జరిగిన సందర్భాలూ ఉన్నాయి. పెద్దల పట్ల గౌరవం ఉన్నంత మాత్రాన ఈ మాట దాచాల్సిన పని లేదు.

మాట్లాడుకునే రెండో చోటు దండారి. దీపావళి రోజుల్లో ఒక ఊరి గుస్సాడీలు ఇంకో ఊరికి వెళ్తారు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, డోలు, పెప్రె, కాలికోం ఇవన్నీ ఫొటోల్లో కనిపిస్తాయి. ఫొటోలో కనిపించనిది ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకోవడం. ఏ ఊళ్ళో పిల్ల ఉంది, ఏ ఊరికి ఫారెస్టువాళ్ళు వచ్చారు, ఎవరి చేను ఎవరి పాలైంది అనే కబుర్లు ఆ నడకతోనే అడవి దాటి వెళ్ళేవి. పోస్టాఫీసు లేని కాలంలో మన పోస్టు అదే.

మూడోది నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్ళు జాతర ముందు ఊరూరా తిరిగి చాటుతారు. తర్వాత ఝరి పట్టుకుని కాలినడకన జన్నారం మండలం హస్తినమడుగు దాకా వెళ్ళి గోదావరి జలం తెస్తారు. గోదావరికి ఇవతల మన ఆదిలాబాద్, అవతల పాత కరీంనగర్ జిల్లా. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రోజుల తరబడి నడక, రాత్రిపూట బస. ఇంద్రవెల్లిలో ఇంద్రాయి పూజ, కేస్లాపూర్‌లో మర్రిచెట్టు కింద బస, అమావాస్య రాత్రి మహాపూజ, కొత్త కోడళ్ళ భేటింగ్ వరుసగా జరుగుతాయి. ఆ మర్రిచెట్టు కిందే వంశపెద్దలు లెక్కలు చూసుకుంటారు, పనులు పంచుకుంటారు, తగువులు తీర్చుకుంటారు. ఈ మధ్యే, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగిన కొత్త రాతిగుడి మెస్రం కుటుంబాలు సొంతంగా చందాలు వేసుకుని కట్టుకున్నది. అన్ని ఇళ్ళనుంచి డబ్బు పోగు చేయాలంటే ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుకుని ఉంటారో ఆలోచించండి.

అంటే కేస్లాపూర్‌లో మాట ముందే ఉంది. లేనిది వినే సర్కారు.

అర్జీ నుంచి జోడేఘాట్ దాకా

1920లు, 30లలో నిజాం ప్రభుత్వం అడవికి రిజర్వు గీతలు గీసింది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పడ్డాక బయటి రైతులు, వ్యాపారులు, షావుకార్లు మన ప్రాంతంలోకి సులువుగా రాగలిగారు. ఒక పక్క అడవిలో సాగు చేస్తే నేరం, ఇంకో పక్క మైదానంలో సాగు చేస్తున్న భూమికి పట్టా వేరొకడి పేరున. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను, పట్వారీకి మామూలు, చౌకీదారుకు కోడి. రిజర్వు గీతలోపల పడిన గూడేలను ఖాళీ చేయించి తగలబెట్టిన సంగతులను హైమన్‌డార్ఫ్ తన నివేదికల్లో నమోదు చేశాడు.

కుమ్రం భీం మొదటిరోజే తుపాకీ పట్టలేదు. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో, గోడల మీది బొమ్మల్లో మనకు కనిపించేది తుపాకీ పట్టిన భీమే. అధికారుల చుట్టూ తిరిగి, సాగు చేసుకోనివ్వమని అడిగి, దారి దొరకని తర్వాతే బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలోని పన్నెండు గూడేలను ఆయన ఒక్కటి చేశాడు. హైదరాబాద్ వెళ్ళి నిజాంనే కలవాలని ప్రయత్నించాడని, కలవనివ్వలేదని మన పెద్దలు చెబుతారు. ఇంకో సంగతి కూడా చెబుతారు. ఊరు విడిచి తిరిగిన రోజుల్లో చాందా వైపు, అస్సాం తేయాకు తోటల వైపు వెళ్ళిన భీం అక్కడ చదవడం, రాయడం నేర్చుకున్నాడని. అది ఎంతవరకు అక్షరాలా నిజమన్నది పక్కన పెడితే, ఆ కథను మన పెద్దలు ఇంత ఇష్టంగా ఎందుకు చెప్పుకున్నారన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. మాట ఒక్కటే సరిపోదని, కాగితం కూడా చేతిలో ఉండాలని వాళ్ళకు అప్పటికే అర్థమైంది.

1940లో జోడేఘాట్ గుట్ట మీద పోలీసులు కాల్పులు జరిపారు. భీం, ఆయనతోపాటు మరికొందరు చనిపోయారు. ఏ రోజు? కొన్ని పుస్తకాల్లో సెప్టెంబరు 1 అని ఉంటుంది, కొన్నిట్లో అక్టోబరు 27 అని ఉంటుంది. మనం వర్ధంతి చేసేది ఆశ్వయుజ పౌర్ణమి నాడు. 1940లో ఆ పౌర్ణమి వచ్చింది అక్టోబరు 16న. పైన చెప్పిన రెండు తేదీల్లో ఏదీ పౌర్ణమితో కలవదు. ఎవరికైనా సందేహముంటే పాత పంచాంగం చూసుకోవచ్చు. ఆ ఏడాది అక్టోబరు 1న సూర్యగ్రహణం, అంటే అమావాస్య. అక్కడినుంచి పదిహేను రోజులు లెక్కపెడితే చాలు.

నన్ను అడిగితే, ముందుగా తిథినే నమ్ముతాను. జోడేఘాట్ చుట్టుపక్కల గూడేల వాళ్ళకు ఇంగ్లిషు క్యాలెండరు లేదు, కానీ ఆ రాత్రి నిండు వెన్నెల ఉందా లేదా అన్నది మర్చిపోయేది కాదు. అయినా ఇది నా నమ్మకం మాత్రమే. మన వాళ్ళెవరూ ఆ రోజు రాసిపెట్టిన కాగితం ఉండి ఉంటే నమ్మకంతో పని ఉండేది కాదు. పేరు సంగతీ అంతే. కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని తలా ఒకరకంగా రాస్తారు. 1983లో సాహు, అల్లం రాజయ్య రాసిన నవల ‘కొమురం భీం’, 2016లో ఏర్పడిన జిల్లా పేరు ‘కుమురం భీం ఆసిఫాబాద్’. మన వంశం పేరును ఎలా రాయాలో కూడా బయటివాళ్ళ కలమే తేల్చింది.

మార్లవాయికి వచ్చిన మనిషి

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఆయన మన దేశంలో ఉన్నాడు. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిషువాళ్ళ లెక్కలో శత్రుదేశం మనిషి. జైల్లో పెట్టకుండా హైదరాబాద్ సంస్థానం దాటిపోవద్దని కట్టడి చేశారు. ఆ కట్టడి మన చరిత్రకు కలిసొచ్చింది. నల్లమలలో చెంచుల దగ్గర, గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర పనిచేసి, 1940ల మొదట్లో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆదిలాబాద్ వచ్చాడు. మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు.

జోడేఘాట్‌లో ఇంతమంది ఎందుకు తెగించారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు అవసరం పడింది. ప్రభుత్వం వినడానికి సిద్ధపడింది మన మీద ప్రేమతో కాదు, భయంతో. ఇది మర్చిపోతే దర్బార్ కథ మొత్తం తలకిందులవుతుంది. భీం చనిపోయాకనే ఆ కుర్చీలు కేస్లాపూర్‌కు వచ్చాయి.

అధికారులు ఆఫీసుల్లో కూర్చుంటే గోండులు రారు, వచ్చినా గుమాస్తా దాటనివ్వడు. కాబట్టి గోండులు ఎక్కడ వేలల్లో చేరతారో అక్కడికే అధికారులు వెళ్ళాలన్నది హైమన్‌డార్ఫ్ ఆలోచన. ఏటా తప్పకుండా అందరూ వచ్చే చోటు నాగోబా సన్నిధి. అలా తాలూకాదారు, రెవెన్యూవాళ్ళు, ఫారెస్టువాళ్ళు జాతరకు వచ్చి కూర్చోవడం మొదలైంది. ప్రజల ముందు, ఫిర్యాదు పడిన అధికారి కూడా వింటుండగా, మనవాళ్ళు లేచి మాట్లాడటం అక్కడి విశేషం. మన పంచ్‌లో ఉన్న పద్ధతే అది. ఆరోపణ పడినవాడు ఎదురుగా ఉండాలి. కొత్తేమిటంటే, ఈసారి ఆ చోట కూర్చున్నది సర్కారు.

దానివల్ల ఏమైనా ఒరిగిందా? ఒరిగింది. 1940ల చివరికల్లా జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా భూమికి లావణి పట్టాలు ఆదివాసుల పేరున వచ్చాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండు యువకులే పంతుళ్ళయ్యారు. పిల్లలకు గోండీలో వాచకాలు అచ్చువేశారు, లిపి మాత్రం నాగరి. ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్లు వచ్చాయి. తర్వాత రోజుల్లో మనం నోటితో పలికే 1/70 చట్టం, అంటే 1959 రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ, ఆ దారిలోనే ఇంకో మెట్టు. బెట్టీ 1987లో చనిపోయింది, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఏటా జనవరిలో అక్కడ ఊరంతా ఆ దంపతులను తలుచుకుంటుంది.

హైమన్‌డార్ఫ్ పట్ల మన కృతజ్ఞత సరైనదే. అయితే ఆయన పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నాయి. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో లండన్‌లో అచ్చయింది. మన ప్రధాన్ సోదరులు కికిరి వాయిస్తూ రాత్రుళ్ళు చెప్పిన పెర్సాపెన్ కథలు, పహండీ కుపార్ లింగాల్ కథ, నాలుగు, ఐదు, ఆరు, ఏడు పెన్‌ల సాగాల వరుస, ఇవన్నీ మనం చదువుకోవాలంటే ఇంగ్లిషు దాటి వెళ్ళాలి. మన పెద్దలు చెప్పారు, ఆయన రాసుకున్నాడు. దర్బార్‌లో మొదటి ఏళ్ళలో ఎవరు లేచి ఏం మాట్లాడారో మన వైపునుంచి రాసిన పుస్తకం ఒక్కటీ కనిపించదు. అందుకే 1942 అంటే ఒకరు, 1946 అంటే ఇంకొకరు.

చోటు దొరకని మాట

దర్బార్ ఏటా జరుగుతూనే ఉంది. భూములు మాత్రం మళ్ళీ చేతులు మారుతూ వచ్చాయి. హైమన్‌డార్ఫ్ 1970ల చివర మళ్ళీ వచ్చి చూసి, తాను చూసిన పట్టాభూములు ఎలా పోయాయో బాధగా రాశాడు. ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకం 1982లో వచ్చింది, ఆ సంగతులు అందులో ఉన్నాయి.

ఆ రోజుల్లోనే గోదావరి అవతల కరీంనగర్‌లో రైతుకూలీ సంఘాలు ఊరూరా సభలు పెట్టాయి. దొర గడీ ముందు నోరెత్తని మనుషులు బజారులో నిలబడి లెక్క అడిగారు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అలలాగా ఆ సభల సంస్కృతి గోదావరి దాటి ఇవతలికి వచ్చింది. గిరిజన రైతుకూలీ సంఘం పేరుతో గూడేల్లో కూడా సభలు మొదలయ్యాయి.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి అంగడి రోజు. భూముల సమస్య మీద అక్కడ సభ పెట్టాలని పిలుపునిచ్చారు. అనుమతి లేదన్నారు. అంగడికి వచ్చినవాళ్ళు, సభకు వచ్చినవాళ్ళు కలిసిపోయి ఉన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. అరవై దాటి ఉంటారని, ఇంకా ఎక్కువని ప్రజాసంఘాలు, స్థానికులు చెబుతూ వచ్చారు. నలభై ఏళ్ళు దాటినా ఆ సంఖ్య తేలలేదు. ఎవరు ఏ ఊరివాళ్ళు, ఎవరు తిరిగి ఇంటికి రాలేదు అని గూడెం గూడెం తిరిగి అప్పుడే రాసుకుని ఉంటే తేలేది. రాసుకునే స్థితి ఆనాడు ఎవరికీ లేదన్నది కూడా నిజమే. దెబ్బతిన్నవాళ్ళు ఆస్పత్రికి పోవడానికి కూడా భయపడిన రోజులవి.

కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలోనే ఉంది. సర్కారు వచ్చి కూర్చుని విన్న చోటుకు, సభ పెట్టుకుంటే కాల్చిన చోటుకు మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. సర్కారు పిలిస్తే మాట్లాడవచ్చు, మనమే పిలుచుకుంటే కుదరదు అన్నది 1981 చెప్పిన తీర్పు. అక్కడ స్తూపం కట్టారు, కూల్చారు, మళ్ళీ కట్టారు. చాలా ఏళ్ళపాటు ఏప్రిల్ 20న అక్కడికి వెళ్ళి పువ్వు పెట్టడానికి కూడా ఆంక్షలే. పోలీసు పహారాలో, వేళ చూసుకుని, కొద్దిమంది కొద్దిమందిగా వెళ్ళి వచ్చారు. తెలంగాణ వచ్చాక ఆ ఆంక్షలు క్రమంగా సడలాయి.

ఇప్పటి దర్బార్, ఇప్పటి ఫోను

ఇప్పటి దర్బార్‌కు టెంట్లు, మైకులు, వేదిక ఉన్నాయి. కలెక్టరు, ఐటీడీఏ పీవో, మంత్రులు, ఎమ్మెల్యేలు వస్తారు. సన్మానాలు, ప్రసంగాలు అయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఒక పక్క బల్లలు వేసి అర్జీలు తీసుకుంటారు. పోడు పట్టా, బోరు, రోడ్డు, హాస్టలు సీటు, పింఛను ఇలా ఎవరి కాగితం వారిది. నాకు ఇందులో ఒక లోటు కనిపిస్తుంది. అర్జీ ఇచ్చినవాడి కష్టం పక్కవాడికి వినిపించదు. నోటితో అందరి ముందూ చెప్పుకున్న కష్టం మడతపెట్టిన కాగితమై ఫైల్లోకి పోయింది. వేదిక మీదివాళ్ళు తెలుగులో మాట్లాడతారు, కింద కూర్చున్న ముసలమ్మ గోండీలోనో కొలామీలోనో ఆలోచిస్తుంది. హైమన్‌డార్ఫ్ కాలపు అధికారికి దుబాసీ కావాల్సి వచ్చేది. ఇప్పటి అధికారికి దుబాసీ అక్కర్లేదనుకుంటున్నాం, అదే చిక్కు.

జాతరలో మెస్రం ఆడవాళ్ళు లేకుండా ఏ పూజా నడవదు. కోనేరు నీళ్ళు తెచ్చేది వాళ్ళు, మట్టితో పుట్టలు చేసేది వాళ్ళు. దర్బార్ వేదిక మీద మైకు ముందు మాత్రం వాళ్ళు కనిపించేది తక్కువ.

చట్టం ఇచ్చిన ఇంకో దర్బార్ మన ఊళ్ళోనే ఉంది, దాని పేరు గ్రామసభ. 1996 పెసా చట్టం, 2011లో వచ్చిన దాని నియమాలు, 2006 అటవీ హక్కుల చట్టం, మూడూ షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ మాటకు విలువ ఇచ్చాయి. అటవీ హక్కుల దరఖాస్తు మొదట చేరాల్సింది గ్రామసభకే. సభలో చేసిన తీర్మానం రిజిస్టరులో ఎక్కాలి. ఎన్ని గూడేల్లో ఆ రిజిస్టరు మన చేతిలో ఉంది, ఎన్నిచోట్ల సంతకాలు ముందే చేయించి తీర్మానం తర్వాత రాసుకుంటున్నారు అన్నది మీమీ ఊళ్ళలో మీరే చూడవచ్చు. ఆ రిజిస్టరు అడిగి చూసే హక్కు మీకుంది.

ఇక ఫోను. మన యువత చర్చలన్నీ ఇప్పుడు వాట్సాప్‌లో, యూట్యూబ్ కామెంట్లలో జరుగుతున్నాయి. 2020లో ఆర్ఆర్ఆర్ సినిమా టీజర్‌లో భీం పాత్రను చూపించిన తీరు మీద మన దగ్గర వేడిగా మాటలు నడిచాయి. అది కల్పిత కథని సినిమావాళ్ళు అన్నారు, మా దేవుడిలాంటి మనిషితో కల్పన ఏమిటని మనవాళ్ళు అన్నారు. ఆ చర్చ మంచిదే. కానీ ఆ వేడిలో భీం గురించి కొత్తగా ఒక్క ముసలివాడి జ్ఞాపకమైనా ఎవరైనా రికార్డు చేశారా? 2017 డిసెంబరులో ఉట్నూర్ ప్రాంతంలో తెగల మధ్య గొడవలు జరిగినప్పుడు ప్రభుత్వం ఇంటర్నెట్టే ఆపేసింది. ఎదురెదురుగా కూర్చుంటే ఎవరూ అనని మాటలు ఫోనులో అంటారని పంచ్‌లో కూర్చున్న ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు. ఎస్టీ హోదా మీద, ఉద్యోగాల మీద ఎవరి వాదన వారికి ఉంటుంది. ఆ వాదన ఎదుటి మనిషి ముఖం చూస్తూ చేయడం మన తాతల పద్ధతి.

గుంజాల కాగితాలు

గోండులకు లిపి లేదు, అందుకే రాసుకోలేదు అని ఎవరైనా అంటే నార్నూర్ మండలం గుంజాల పేరు చెప్పండి. 2006లో ఆ ఊళ్ళో గోండీ లిపిలో రాసిన ప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటిలో కొన్ని పద్దెనిమిదో శతాబ్దం నాటివని పరిశోధకుల అంచనా. ఆ లిపి చదవగలిగిన పెద్దలు అప్పటికి కొద్దిమందే మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసిన పరిశోధకులు ఊరి పెద్దలతో కూర్చుని అక్షరాలు పోల్చుకున్నారు. 2018 జూన్‌లో ‘గుంజాల గోండీ’ యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అంతకు ఏడాది ముందే, మధ్యప్రదేశ్ వైపు మున్షీ మంగళ్‌సింగ్ మసరామ్ 1918లో తయారుచేసిన ఇంకో గోండీ లిపి కూడా యూనికోడ్‌లోకి వచ్చింది.

లెక్క చూడండి. 1943 ప్రాంతంలో మన పిల్లలకు గోండీ వాచకం నాగరి లిపిలో ఇచ్చారు. 2004లో మాతృభాషా విద్య పథకం పెట్టి గోండీ, కొలామీ పుస్తకాలు తెలుగు లిపిలో ఇచ్చారు. ఈ మధ్యకాలమంతా గుంజాల ఇళ్ళలో ఆ కాగితాలు ఉన్నాయి. ఎవరూ అడగలేదు, మనమూ చూపించలేదు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్ళు దేశమంతటా 29 లక్షలకు పైగా ఉన్నారు. ఏ ఒక్క రాష్ట్రంలోనూ అది ఆఫీసు భాష కాదు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండీ వినిపిస్తుంది, బస్సు బోర్డు మీద కనిపించదు.

ఏ లిపి వాడాలన్న దాని మీద మనలో మనకు వాదన ఉంది. గుంజాల అని కొందరు, మసరామ్ అని కొందరు, తెలుగు లిపి చాలు ఉద్యోగాలకు అదే పనికొస్తుందని ఇంకొందరు. నా మొగ్గు గుంజాల వైపే, అది మన మట్టిలో దొరికింది కాబట్టి. కానీ తెలుగు లిపిలో రాసిన గోండీ కూడా గోండీయే. లిపి తేలేదాకా ఆగితే ముసలివాళ్ళు ఆగరు. గుస్సాడీ కనకరాజు గారు మార్లవాయి మనిషి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో వెళ్ళిపోయారు. ఆయన ఆట వీడియోలు మన ఫోన్లలో బోలెడున్నాయి. ఆయన చెప్పిన మాటలు మనలో ఎంతమంది కాగితం మీద పెట్టుకున్నాం?

వచ్చే పుష్యమాసం జాతరకు వెళ్ళేవాళ్ళు ఒక పని చేయవచ్చు. దర్బార్ రోజు నలుగురైదుగురు కలిసి ఒక నోటుబుక్కు పట్టుకుని అర్జీల బల్లల దగ్గర కూర్చోండి. తేదీ, తిథి రెండూ రాయండి. ఎవరు ఏ ఊరినుంచి వచ్చారు, ఏ భాషలో చెప్పారు, ఏ అధికారి ఏం జవాబిచ్చాడు, ఎన్నాళ్ళలో చేస్తానన్నాడు అన్నది వాళ్ళ అనుమతితో రాసుకోండి. ఆడవాళ్ళ దగ్గరికి ఆడపిల్లలు వెళ్తే మాట ఎక్కువ వస్తుంది. మరుసటి ఏడాది అదే పుస్తకం తెచ్చి, అదే అధికారి కుర్చీలో ఎవరుంటే వారి ముందు పాత పేజీ తెరవండి. ఒక ప్రతి రాయ్ సెంటర్‌లో, ఇంకోటి మీ ఊరి పట్లా ఇంట్లో ఉండాలి.

దర్బార్ తర్వాత మండగాజిలింగ్, బేతాల్ పూజలు ఉంటాయి. అవి అయ్యాక మెస్రం వాళ్ళు బండ్లు కడతారు. నోటుబుక్కులో ఏవైనా పేర్లు, ఊళ్ళు తప్పుపోయి ఉంటే సరిచూసుకోవడానికి ఆ లోపే వీలుంటుంది. తర్వాత ఎవరి గూడెం వారిది.